వాలు అక్షరం: దస్తరము నుండి శుభలేఖ దాకా

జొన్నాడ వైపు నుండి గౌతమి వంతెన దాటి వచ్చేవారికి కోనసీమ రావులపాలెంతో మొదలవుతుంది. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న ఈ గడ్డ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి సాగుతున్నది. అరటిగెలల టోకు వ్యాపారానికి పేరుపడిన ఊరు గనుక రాకపోకలు హెచ్చు. రాకపోకలున్న చోట అక్షరాలకు కొదువ ఉండదు. దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ముహూర్తాల రోజులలో పెండ్లి శుభలేఖలు - ఇటువంటి ఊళ్ళలో ఎక్కడ చూసినా అక్షరాలే.

ఈ శుభలేఖలను కొంచెం నిదానించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. ఇంగ్లీషులో అచ్చు వేసిన వధూవరుల పేర్లు తరచుగా కుడివైపునకు వాలి, మొదళ్ళలోనూ చివరలలోనూ తీగలు సాగి, ఎవరో కలంతో వ్రాసినట్లుంటాయి. వాటి ప్రక్కన తెలుగు పేర్లకు కూడ అదే అందం తేవాలని కంప్యూటరు మీద "ఇటాలిక్" మీట నొక్కి అక్షరాలను వాల్చడం కద్దు. ఇంగ్లీషు అక్షరం నడుస్తున్నట్లు కనిపిస్తే, తెలుగు అక్షరం పడిపోబోతున్నట్లు కనిపిస్తుంది. రెండూ వాలినవే. మరి ఈ భేదమెందుకు? దీనికి సమాధానం అక్షరాల చరిత్రలో ఉన్నది.

వాలడం ఒక్కటే లక్షణం కాదు

ఇంగ్లీషు పుస్తకంలో సాధారణంగా కనిపించే నిలువు అక్షరాలను రోమన్ అంటారు. వీటిలో నిలువు గీతల మొదట, చివర చిన్న అడ్డగీతలుంటాయి. స్తంభానికి పీఠం, బోదె ఉన్నట్లే ఇవి అక్షరాన్ని నిలబెడతాయి. వీటికి సెరిఫ్‌లు అని పేరు. వాలు అక్షరంలో, అనగా ఇటాలిక్‌లో, ఈ అడ్డగీత పీఠం వలె ఉండదు. కలం కాగితాన్ని తాకినప్పుడు ఏర్పడే చిన్న వంపుగా మొదలై, కలం పైకి లేచేటప్పుడు ఏర్పడే చిన్న కొక్కెముగా ముగుస్తుంది. ఆ కొక్కెము తరువాతి అక్షరం వైపు చేయి చాచినట్లుంటుంది.

అంతే కాదు. ఇటాలిక్‌లో కొన్ని అక్షరాల ఆకారమే వేరు. నిలువు రోమన్‌లో "ఎ" అనే చిన్నబడి అక్షరానికి పైన ఒక వంపు, క్రింద ఒక పొట్ట ఉంటాయి. ఇటాలిక్‌లో పై వంపు పోయి, పొట్ట, ప్రక్కన గీత మాత్రమే మిగులుతాయి. "ఎఫ్" అక్షరం తోక తరచుగా పంక్తి క్రిందికి దిగుతుంది. అక్షరాలన్నీ ఇరుకుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. కనుక నిలువు రోమన్‌ను ప్రక్కకు త్రోస్తే ఇటాలిక్ రాదు. అది వేరొక చేతివ్రాత. ఆ వ్రాతకు వాలడం ఫలితమే గాని మూలం కాదు.

దస్తరంలో పుట్టిన వ్రాత

15వ శతాబ్ది ఆరంభంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో నికొలో నికొలి అనే పండితుడుండేవాడు. ప్రాచీన లాటిన్ గ్రంథాలను సేకరించి ప్రతులు వ్రాసుకోవడం ఆయన వ్యాపకం. నిలువు అక్షరాలను ఒక్కొక్కటిగా దిద్దుతూ కూర్చుంటే పని సాగదు. త్వరగా వ్రాయడానికి ఆయన కలాన్ని వీలైనంత తక్కువగా ఎత్తుతూ, అక్షరాలను కొంచెం వాల్చి, ఒకదానితో ఒకటి కలుపుతూ వ్రాశాడు. ఈ పద్ధతి పండితులలో వ్యాపించింది. తరువాత పోపు కార్యాలయంలో, ఇటలీ రాజ్యాల దస్తరాలలో ఉత్తరప్రత్యుత్తరాలు వ్రాసే లేఖకులు దీనిని చేపట్టి మెరుగుపరచారు. అందుచేతనే దీనికి దస్తరపు వ్రాత అనే అర్థమిచ్చే పేరు వచ్చినది.

ఇక్కడ కలం సంగతి కూడ చెప్పాలి. వారు వాడినది పక్షి ఈకను చెక్కిన కలం. దాని మొన బల్లపరుపుగా ఉంటుంది. అటువంటి కలాన్ని ఒకే కోణంలో పట్టుకొని వ్రాస్తే, ఒక దిక్కునకు పోయే గీత లావుగాను, దానికి అడ్డంగా పోయే గీత సన్నంగాను వస్తుంది. ఇటాలిక్‌లోని సన్నము, లావు ఎవరో అలంకారం కొరకు చేర్చినవి కావు. కలం మొన తనంతట తాను ఇచ్చినవి.

ఈ చేతివ్రాతను అచ్చుకెక్కించినవాడు వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్. ఆయన కొరకు ఫ్రాంచెస్కో గ్రిఫో అనే శిల్పి ఉక్కు ముద్రలు చెక్కాడు. 1501లో రోమన్ మహాకవి వర్జిల్ కావ్యాలు ఆద్యంతం ఈ అక్షరాలలో అచ్చయినవి. పుస్తకం చిన్నది. కాగితాన్ని మూడు మడతలు పెట్టి ఎనిమిది ఆకులుగా చేసిన పరిమాణం. బల్ల మీద పరచి చదివే పెద్ద గ్రంథాల కాలంలో చేతిలో ఇమిడే కావ్యం రావడం ఒక మార్పే. అయితే గ్రిఫో అక్షరాలలో చిన్నబడి అక్షరాలే వాలి ఉండేవి. పెద్దబడి అక్షరాలు నిటారుగానే నిలిచేవి. చేతివ్రాతలోని కలయికలను నిలబెట్టడానికి జంట అక్షరాలు అనేకం పోత పోయవలసి వచ్చినది. ఈ అక్షరాల మీద ఆల్డస్ వెనిస్ ప్రభుత్వం నుండి ప్రత్యేక హక్కు పొందినా, ఫ్రాన్సులోని లియాన్ ముద్రాపకులు వెంటనే అనుకరించారు. ఇటలీ నుండి వచ్చినది గనుక ఇతర దేశాలలో దీనికి ఇటాలిక్ అనే పేరు స్థిరపడినది.

తరువాత కొంతకాలానికి పోపు కార్యాలయపు లేఖకుడు లుదొవికో అర్రిగి ఈ దస్తరపు వ్రాతను నేర్పే చిన్న పుస్తకం వెలువరించాడు. దాని మీద 1522వ సంవత్సరం కనబడుతుంది. ఆయన ముద్రాపకుడు కూడ అయి తన చేతివ్రాతను అనుసరించిన అక్షరాలను తయారు చేయించాడు. ఆల్డస్ అక్షరాల కంటె ఇవి విశాలంగా, సుకుమారంగా ఉంటాయి. నేడు శుభలేఖల మీద, ప్రశంసాపత్రాల మీద కనిపించే ఇంగ్లీషు వాలు అక్షరాలలో కొన్ని అర్రిగి కుటుంబానికి చెందినవే.

పని మారిన అక్షరం

మొదట ఇటాలిక్‌తో మొత్తం పుస్తకాలే అచ్చు వేసేవారు. 16వ శతాబ్ది సాగినకొద్దీ దాని పని మారినది. గ్రంథమంతా నిలువు రోమన్‌లో ఉండి, గ్రంథాల పేర్లకు, పరభాషా పదాలకు, నొక్కి చెప్పవలసిన మాటలకు మాత్రం ఇటాలిక్ వాడడం అలవాటయినది. ఒకే పంక్తిలో రెండు గొంతులు వినిపించినట్లు, ఒకటి స్థిరంగా, రెండవది కొంచెం స్వరం మార్చి పలుకుతుంది.

20వ శతాబ్ది చివర కంప్యూటరుతో పాటు చేతివ్రాత పోలిక గల వాలు అక్షరాలు మళ్ళీ సొంతంగా నిలబడినవి. జర్మనీకి చెందిన అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ రూపొందించిన జాఫ్ ఛాన్సరీ 1979లో వెలువడినది. లేసరు ముద్రణ యంత్రాలలో ముందుగానే అమర్చి ఇచ్చే అక్షరాలలో ఇది చేరడం వలన కార్యాలయాలన్నిటికీ ప్రాకినది. 1990 తరువాతి దశకంలో ప్యాట్రీషియా సాండర్స్ అర్రిగి నమూనాను అనుసరించి రూపొందించిన మోనోటైప్ కార్సివా కంప్యూటర్లతో పాటు ఇంటింటికీ చేరినది. ఆ విధంగా రోము నగరపు లేఖకుని చేతివ్రాత అయిదువందల ఏండ్లకు గోదావరి ఒడ్డున పెండ్లి పిలుపు అయినది.

తాటాకు, గంటము

ఇక తెలుగు అక్షరం సంగతి. లాటిన్ అక్షరానికి ఈక కలం ఎటువంటిదో, తెలుగు అక్షరానికి గంటము అటువంటిది. డెల్టా గట్ల వెంట తాటిచెట్లకు లోటు లేదు. ఆకును ఆరబెట్టి, సమంగా కోసి, ఎడమచేత పట్టుకొని, ఎడమ బొటనవ్రేలి ఆసరాతో గంటము నడిపేవారు. గంటము సిరా పూయదు, ఆకును గీరుతుంది. తరువాత మసి పూసి తుడిస్తే గీరిన చోట నలుపు నిలిచి అక్షరం కనబడుతుంది. మొన సూదిగా ఉండడం వలన గీత ఎటు తిరిగినా దాదాపు ఒకే మందం. ఆకు ఈనెల వెంట సూటిగా గీత గీస్తే ఆకు చీలే ప్రమాదమున్నది. తెలుగు అక్షరాలు గుండ్రబడడానికి సాధారణంగా చెప్పే కారణమిదే. ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గాని, గుండ్రని గీత, సమమైన మందము అనే రెండు గుణాలూ గంటానికి ఒదిగినవి.

కొందరు తెలుగులోని తలకట్టును సెరిఫ్‌తో పోలుస్తారు. ఈ పోలిక సరిపోదు. సెరిఫ్ తీసివేసినా లాటిన్ అక్షరం అదే అక్షరంగా ఉంటుంది. తలకట్టు అకారానికి గుర్తు. "క" మీది తలకట్టు స్థానంలో గుడి పెడితే "కి" అవుతుంది. కనుక తలకట్టు అలంకారం కాదు, అర్థం. దానిని మార్చేవారు జాగ్రత్తగా మార్చాలి.

గొలుసుకట్టు: మన దస్తరపు వ్రాత

అయితే తెలుగులో త్వరగా వ్రాసే వ్రాతే లేదా అంటే, ఉన్నది. గ్రామ కరణాలు లెక్కలు, దస్తావేజులు వ్రాసిన గొలుసుకట్టు వ్రాత అది. పేరులోనే అర్థమున్నది. కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం గొలుసు వలె అల్లుకొని పోతుంది. తలకట్టు ముందరి అక్షరపు తోకగా మారుతుంది, కొమ్ములు పొడిగీతలవుతాయి, మాటకూ మాటకూ నడుమ ఎడం కూడ తరచుగా ఉండదు. ఇటలీ దస్తరాలలో ఏ అవసరం ఇటాలిక్‌ను పుట్టించినదో, ఆ అవసరమే మన కచేరీలలో గొలుసుకట్టును పుట్టించినది. పని వేగంగా సాగాలి, వ్రాతలో ఒక క్రమం ఉండాలి.

కాని రెండింటి భవితవ్యం వేరయినది. ఇటలీ లేఖకుని వ్రాత ఉక్కుముద్రగా మారి అచ్చులో బ్రతికినది. కరణం వ్రాత కాగితం మీదనే ఆగిపోయినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల పాత వ్యవస్థను రద్దు చేసినది. ఆ వృత్తితో పాటు తండ్రి నుండి కొడుకు నేర్చుకొనే ఆ వ్రాత కూడ అంతరించసాగినది. నేడు పాత భూమి కాగితాన్ని విప్పితే, తెలుగు చక్కగా వచ్చినవారు కూడ చదవలేక తడుముకొంటారు. మన తాతల సంతకాలున్న పత్రం మనకు పరభాష వలె ఉన్నది. అచ్చుకెక్కని వ్రాతకు కలిగే నష్టం ఇటువంటిది.

అచ్చుగళ్ళ లెక్క

గొలుసుకట్టు అచ్చుకు ఎందుకు ఎక్కలేదు? కారణం చాలవరకు లెక్కకు సంబంధించినది. తెలుగు అచ్చు మొదట ఆంధ్రదేశంలో పుట్టలేదు. జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. బెంగాలులోని శ్రీరాంపురం నుండి విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లోను, మద్రాసు కాలేజీ ముద్రణాలయం నుండి క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లోను వెలువడినవి. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చినది. గోదావరి తీరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, తరువాత సొంత అచ్చుకూటం నెలకొల్పుకొన్నాడు.

ఈ అచ్చుకూటాలన్నిటికీ ఒకటే చిక్కు. ఇంగ్లీషుకు చిన్నబడి, పెద్దబడి అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు కలిపి నూటికి అటూ ఇటుగా గళ్ళుంటే పని జరుగుతుంది. తెలుగులో హల్లులకు గుణింతాలు, వాటి క్రింద వత్తులు, వత్తు మీద వత్తులు. ఒక్క రకం అక్షరానికే కొన్ని వందల సీసపు దిమ్మలు కావాలి. వాటన్నిటికీ వాలు రూపం కూడ పోత పోస్తే గళ్ళు రెట్టింపవుతాయి, ఖర్చు రెట్టింపవుతుంది, కంపోజిటరు చేయి రెట్టింపు దూరం తిరగాలి. పైగా సీసపు దిమ్మ నలుచదరపుది. వాలు అక్షరపు కొస దిమ్మను దాటి బయటికి పొడుచుకొని వస్తే విరిగిపోతుంది. వత్తులున్న తెలుగులో ఆ ప్రమాదం పైననే గాక క్రిందను కూడ ఉన్నది. అందుచేత తెలుగు అచ్చు నిలువు అక్షరంతోనే సరిపెట్టుకొన్నది. నొక్కి చెప్పడానికి లావు అక్షరం, కొటేషను గుర్తు చాలునని కుదుటపడినది.

యంత్రం వాల్చిన అక్షరం

కంప్యూటరు రావడంతో సీసపు దిమ్మల చిక్కు తొలగినది. కాని దానితో ఒక తేలిక మార్గం కూడ వచ్చినది. వాలు రూపం ప్రత్యేకంగా లేని అక్షరాన్ని వాల్చమని ఆజ్ఞాపిస్తే, యంత్రం దానిని రేఖాగణితం ప్రకారం ప్రక్కకు త్రోస్తుంది. పంక్తికి పైనున్న భాగం కుడికి, క్రిందనున్న భాగం ఎడమకు జరుగుతాయి. ఎత్తు ఎంత ఉంటే జరుగుబాటు అంత.

విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చు. అక్షరాన్ని 12 డిగ్రీలు వాల్చామనుకొందాం. 12 డిగ్రీల టాన్ విలువ సుమారు 0.21. ఒక బోర్డు మీద 8 మిల్లీమీటర్ల ఎత్తుగల ఇంగ్లీషు చిన్నబడి అక్షరం ఉంటే, దాని పైకొస క్రిందికొస కంటె 1.7 మిల్లీమీటర్లు మాత్రమే కుడికి జరుగుతుంది. అదే బోర్డు మీద "స్త్రీ" అనే అక్షరం ఉన్నదనుకొందాం. పైన గుడిదీర్ఘం, క్రింద తకార వత్తు, రకార వత్తు. గుడి కొస నుండి వత్తు అడుగు దాకా 20 మిల్లీమీటర్లయితే, రెండు కొసల నడుమ జరుగుబాటు 4 మిల్లీమీటర్లకు పైబడుతుంది. వత్తు తన అక్షరాన్ని విడిచి ముందరి అక్షరం క్రిందికి పోతుంది, గుడి తరువాతి అక్షరం నెత్తి మీదికి పోతుంది. పైగా గుండ్రని సున్న కోడిగ్రుడ్డు ఆకారం దాలుస్తుంది. గంటము ఇచ్చిన సమమైన మందం చెడి, ఎక్కడ పడితే అక్కడ సన్నబడుతుంది.

శుభలేఖ మీది తెలుగు పేరు పడిపోబోతున్నట్లు కనిపించడానికి కారణమిదే. ఇంగ్లీషు పేరు వెనుక ఒక చేతివ్రాత చరిత్ర ఉన్నది. యంత్రం వాల్చిన తెలుగు పేరు వెనుక కోణం మాత్రమే ఉన్నది.

గోదావరి చేతివ్రాత

తెలుగులో నిజమైన చేతివ్రాత అచ్చుకెక్కడానికి దారి వేసినది దస్తరము కాదు, చిత్రకారుని కుంచె. వశిష్ఠ ఒడ్డునున్న నరసాపురంలో 1933 డిసెంబరు 15న జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ బాపు పేరుతో ప్రసిద్ధుడు. ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రాలు వేసి, వేలాది కథలకు, పుస్తకాలకు బొమ్మలు గీసి, తరువాత చలనచిత్ర దర్శకుడయ్యాడు. ఆయన మొదటి చిత్రం సాక్షి 1967లో విడుదలయినది. దాని చిత్రీకరణ రావులపాలేనికి చేరువనున్న ఆత్రేయపురం ప్రాంతంలోని పులిదిండిలో జరిగినది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశాడు.

బొమ్మ క్రింద మాటలు, కథల శీర్షికలు, అట్టల మీద పేర్లు బాపు స్వయంగా వ్రాసేవాడు. ఆ అక్షరంలో అచ్చుదిమ్మల సమమందం లేదు. కలం నొక్కిన చోట లావు, తేలిన చోట సన్నము. అయినా తలకట్టు తలకట్టుగానే, వత్తు తన అక్షరం క్రిందనే ఉంటాయి. గుండ్రదనం చెడలేదు. అనగా, ఇటాలిక్ లాటిన్‌కు చేసిన పనిని ఈ వ్రాత తెలుగుకు తెలుగు పద్ధతిలోనే చేసినది. కంప్యూటరు యుగంలో ఈ చేతివ్రాత ఫాంటుగా మారినది. నేడు శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద, దుకాణాల పేరుపలకల మీద బాపు అక్షరాన్ని గుర్తించని తెలుగువాడు అరుదు.

తరువాత 2010 దశకంలో సిలికానాంధ్ర సంస్థ ఆధ్వర్యాన పెద్దన, ధూర్జటి, రామరాజ, గురజాడ, గిడుగు మొదలైన పేర్లతో అనేక తెలుగు ఫాంట్లు ఉచితంగా వెలువడినవి. అక్షరరూపాల ఎన్నిక మునుపటి కంటె విస్తరించినది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడరాదు

చేతివ్రాత పోలిక గల అక్షరానికి, అది ఇంగ్లీషుదైనా తెలుగుదైనా, కొన్ని హద్దులున్నవి. అది పిలుపునకు, పేరునకు, శీర్షికకు, ప్రశంసాపత్రానికి తగినది. నాలుగైదు పంక్తులు దాటితే కన్ను అలసిపోతుంది. చిన్న పరిమాణంలో సన్నగీతలు మాయమవుతాయి. ఇంగ్లీషు దస్తరపు అక్షరాలలో పెద్దబడి అక్షరాలకు తీగలుంటాయి. వాటినే వరుసగా పేర్చి పేరంతా వ్రాస్తే తీగలు ఒకదానికొకటి చిక్కుపడి చదవడం కష్టమవుతుంది. మొదటి అక్షరం మాత్రమే పెద్దది కావాలి. ముహూర్తం, తేదీ, చిరునామా వంటివి తప్పక చదవవలసినవి గనుక నిలువు అక్షరంలోనే ఉండాలి.

తెలుగు పాఠంలో నొక్కి చెప్పవలసిన మాటకు లావు అక్షరం గాని, కొటేషను గుర్తు గాని మేలు. క్రింద గీత గీస్తే అది వత్తులను కోసివేస్తుంది. యంత్రపు వాలు వత్తులను చెదరగొడుతుంది. ప్రశ్నాపత్రాలు, గోడపత్రికలు తయారుచేసే ఉపాధ్యాయులకు ఈ రెండూ గుర్తుండదగినవి.

ఇంతకంటె పెద్ద పని మరొకటి మిగిలి ఉన్నది. సీసపు దిమ్మల కాలంలో గొలుసుకట్టును అచ్చు వేయడం అసాధ్యం. నేటి ఫాంటులో అక్షరం ప్రక్కనున్న అక్షరాన్ని చూసి తన రూపం మార్చుకోగలదు, కనుక అది సాధ్యమే. అందుకు ముందుగా ఆ వ్రాతను చదవగలవారుండాలి. కోనసీమలో ఎన్నో ఇండ్ల భోషాణాలలో కరణం వ్రాసిన కాగితాలు ఇంకా ఉండవచ్చు. ఉన్నత పాఠశాల విద్యార్థి ఇంటిలోని ఒక పాత కాగితాన్ని తెచ్చి, చదవగల పెద్దల దగ్గర కూర్చుని, ఏ గొలుసు ఏ అక్షరమో నోటుబుక్కులో ప్రక్కప్రక్కన వ్రాసుకొంటే, అదే ఆ వ్రాతకు తొలి అక్షరపట్టిక అవుతుంది. అర్రిగి తన చిన్న పుస్తకంలో చేసిన పని కూడ ఇటువంటిదే. చదవగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు గనుక ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు.